తీరగ్రామముల గృహములకు తగిన కిటికీలు

నెల్లూరు తీరమున పూరిండ్ల స్థానమున స్లాబు ఇండ్లు వెలయుచున్నవి. మైపాడు, రామతీర్థము, జువ్వలదిన్నె వంటి గ్రామములలో ఒక కుటుంబము సాధారణముగా తన జీవితకాలమున ఒకేమారు ఇల్లు కట్టుకొనును. ఆనాడు కిటికీల విషయమున జరిగిన పొరపాటును ఆ ఇంటి పసిపిల్లలును, వృద్ధులును ప్రతి వేసవిలోను అనుభవింపవలసి వచ్చును. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

కిటికీకిని ప్రభుత్వపు పన్నుకును సంబంధమేమని కొందరు అడుగవచ్చును. అమెరికా దేశమున అట్టి సంబంధమును చట్టమే కల్పించినది. 2023 మొదలు 2025 వరకు, తమ నివాసగృహమునకు వేడిని, చలిని బాగుగా అరికట్టు కిటికీలను అమర్చుకొనినవారికి, వాని వెలలో నూటికి 30 వంతులు, ఏడాదికి 600 డాలర్లకు మించకుండ, ఆదాయపు పన్నులో తగ్గించెడివారు. 2025 జూలైలో చేసిన చట్టముచే ఈ రాయితీ ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసినది.

రాయితీ ముగిసినను, దానివెనుకనున్న సూత్రము మనము గ్రహింపదగినది. దేశమంతటికి ఒకే కిటికీని వారు మేలైనదిగా ఎంచలేదు. మంచు కురియు ఉత్తర ప్రాంతమున ఇంటిలోని వెచ్చదనమును బయటికి పోనీయని కిటికీ మంచిది. ఎండ కాయు దక్షిణ ప్రాంతమున సూర్యుని వేడిమిని లోనికి రానీయని కిటికీ మంచిది.

మన దేశమున కిటికీలకు అట్టి ఆదాయపు పన్ను తగ్గింపు లేదు. అయినను ఆ సూత్రము మనకును కలదు. కేంద్ర ప్రభుత్వము 2018 డిసెంబరులో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ అను నియమావళి, తెరువదగిన కిటికీలు, వెంటిలేటర్లు, బహిరంగ బాల్కనీలోనికి తెరచుకొను తలుపులు కలిసి ఇంటి నేల వైశాల్యములో కనీసము ఎంత ఉండవలెనో శీతోష్ణస్థితిని బట్టి నిర్ణయించినది. లేహ్ వంటి చలి ప్రదేశమున నూటికి 8.33 వంతులు, జోధ్‌పూరు వంటి పొడివేడి ప్రదేశమున 10 వంతులు, వేడియు తేమయు కలిసిన ప్రదేశమున 16.66 వంతులు ఉండవలెను. నెల్లూరు తీరము ఈ కడపటి తరగతిలోనిది. తేమగాలిలో చెమట త్వరగా ఆరదు. ఒంటికి గాలి తగిలినగాని సుఖము కలుగదు. ఆ నియమావళి పెద్ద స్థలములలోని కట్టడములకు ఉద్దేశింపబడినదే అయినను, ఆ కొలత చిన్న ఇంటికిని మార్గదర్శకము కాగలదు.

లెక్క సులభమైనది. నేల వైశాల్యమును ఆరుచే భాగించిన చాలును. 300 చదరపు అడుగుల ఇంటికి తెరువదగిన భాగము 50 చదరపు అడుగులు ఉండవలెను. స్లైడింగు కిటికీ సగమే తెరచుకొనును గనుక దాని వైశాల్యములో సగమునే లెక్కింపవలెను. గాలి వచ్చుటకు ఒక దారి, పోవుటకు మరియొక దారి ఉండునట్లు ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టుట మేలు.

గాలి రావలెను గాని ఎండ రాకూడదు. దక్షిణపు కిటికీకి సాధారణమైన సన్‌షేడు చాలును. తూర్పు, పడమరల ఎండ ఏటవాలుగా పడి సన్‌షేడు క్రిందుగా దూరును. ఆ వైపుల వసారా గాని, తడిక గాని, చెట్టు గాని అవసరము. ముఖ్యముగా పడమటి గోడకు పెద్ద అద్దపు కిటికీ పెట్టరాదు. ఎండను బయటనే ఆపవలెను. అద్దము దాటి వచ్చిన వేడిలో అధికభాగము, లోపల తెర కట్టినను గదిలోనే నిలుచును.

మే నెలలో పడమటి వడగాడ్పు వీచునపుడు కిటికీలు మూసి, సముద్రపు గాలి తిరిగిన పిదప తెరువవలెను. తుపాను వేళ బిగించుటకు గట్టి రెక్కలును గడియలును ఉండవలెను. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానును ఎరిగినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును గనుక గడియలను ఏటేట వానకాలమునకు ముందే పరీక్షించుకొనవలెను.

ఇందు పంచాయతీ చేయదగినదేమి? ఇంటిపన్ను విధించు అధికారము గ్రామ పంచాయతీకి కలదు గాని, పన్నులో రాయితీ ఇచ్చినగాని మంచి కిటికీ అమరదనుకొనుట సరికాదు. ఇల్లు కట్టువాడు అనుమతికై వచ్చినప్పుడు సభ్యులు మూడు ప్రశ్నలు అడిగిన చాలును: తెరువదగిన భాగము నేలలో ఆరవ వంతు కలదా? గాలి పోవుటకు ఎదురుదారి కలదా? పడమటి కిటికీకి నీడ కలదా? పునాదికి ముందు కిటికీ స్థానము మార్చుటకు ఖర్చు స్వల్పము. గోడ లేచిన పిదప దానిని పగులగొట్టి మార్చుట పేదవానికి భారము. రాబోవు గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలను చదివి వినిపించి, ముందుగా అంగన్‌వాడీ, పాఠశాల భవనముల కిటికీలను కొలిపించవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.