రాజీనామా చేయనంత మాత్రాన...

ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం మానేసేవారి వార్షిక రేటు 2022 జూన్‌లో 28.4 శాతం ఉంటే, 2024 మార్చికి 12.6కి దిగింది. సంస్థపై మమకారం పెరిగిందనుకోవద్దు. ఆ మధ్యకాలంలో ఐటీ నియామకాలే మందగించాయి. ఇష్టంతో ఉండిపోవడం వేరు, గత్యంతరం లేక ఉండిపోవడం వేరని మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లోనే విడదీసి చెప్పారు. ఒత్తిడి ముందుగా తినేసేది ఆ ఇష్టాన్నే. రాత్రి పదింటికి అమెరికా క్లయింటు కాల్, పొద్దున్నే స్టాండప్ మీటింగ్, మధ్యలో ముందుకు జరిగిన డెడ్‌లైన్... మనిషి సీట్లోనే ఉంటాడు, మనసు మాత్రం నౌకరీ డాట్ కామ్‌లో!

ఒత్తిడి లేనిదే పని సాగుతుందా అంటారు మేనేజర్లు. చిక్కు సమస్యను ఛేదించే ఒత్తిడి హుషారిస్తుంది, నిజమే. ఎవరి బాధ్యత ఏమిటో తేలని అయోమయం మాత్రం నీరసమే మిగులుస్తుంది. ఆఫీసులో యోగా క్లాసులు పెట్టేముందు, ఆ రాత్రి కాల్స్‌లో ఎన్ని అవసరమో హెచ్‌ఆర్ వాళ్లు లెక్కచూడాలి.