ఆటోక్రాస్ కారు: విడిభాగాలు, టైర్ల ఎంపిక

ఆటోక్రాస్ అనునది కాలమానం ఆధారంగా జరిగే ఒక మోటారు క్రీడ. విశాలమైన చదును స్థలంలో రబ్బరు శంకువులను (కోన్‌లు) నిలిపి మలుపుల మార్గాన్ని ఏర్పరుస్తారు. కార్లను ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా నడిపించి, ఒక్కొక్కదానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తారు. అమెరికాలో శంకువును పడగొడితే ఆ పరుగు సమయానికి 2 సెకనులు కలుపుతారు. ఇంజను బలం కంటె చోదకుని నేర్పు, టైర్ల పట్టు ఇందులో ముఖ్యమైనవి. ప్రతిదినము వాడుకొనే కారుతోనే పాల్గొనవచ్చును గనుక ఇది తక్కువ ఖర్చుతో కూడిన మోటారు క్రీడలలో ఒకటి.

పేరులో భేదము

అమెరికాలో ఆటోక్రాస్ తారు లేదా కాంక్రీటు నేలపై జరుగుతుంది. ఐరోపాలో ఇదే పేరు మట్టి మార్గంపై జరిగే పందేలకు వాడుకలో ఉన్నది. భారతదేశంలో కూడ ఈ పోటీలు తరచు మట్టి నేలపైననే జరుగుతాయి. కనుక టైర్లు కొనుటకు ముందు పోటీ జరిగే నేల ఏదో తెలుసుకొనవలెను. దేశంలో మోటారు క్రీడలకు గుర్తింపు పొందిన జాతీయ సంస్థ ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ.

తరగతులు, అనుమతించిన మార్పులు

అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమావళి విస్తృతంగా వాడుకలో ఉన్నది. అందులో అతి తక్కువ మార్పులను అనుమతించే విభాగము "స్ట్రీట్". 2014 వరకు దీని పేరు "స్టాక్". ఈ నియమావళి మూలసూత్రము ఒక్కటే: అనుమతి ఉన్నదని వ్రాయని మార్పు నిషిద్ధమే. స్ట్రీట్ విభాగంలో ముఖ్యమైన అనుమతులు:

* షాక్ అబ్జార్బర్లు మార్చవచ్చును, స్ప్రింగులు మార్చరాదు.
* యాంటీ రోల్ బార్‌ను ముందు లేదా వెనుక, ఏదో ఒకవైపు మాత్రమే మార్చవచ్చును.
* బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టరు మార్చవచ్చును.
* క్యాటలిటిక్ కన్వర్టరు తరువాతి పొగగొట్టము మార్చవచ్చును, కన్వర్టరును తొలగించరాదు.
* రిమ్ము వెడల్పు కంపెనీ ఇచ్చినదే ఉండవలెను. వ్యాసము ఒక అంగుళము పెరుగవచ్చును లేదా తగ్గవచ్చును.

అనుమతి లేని ఒక్క చిన్న భాగము అమర్చినా కారు పై తరగతికి పోతుంది. అక్కడ ఎక్కువ మార్పులు చేసిన కార్లతో పోటీ పడవలసి వస్తుంది. అందువలన డబ్బు ఖర్చు పెట్టి ఓటమిని కొనుక్కొనే ప్రమాదమున్నది.

టైర్ల ఎంపిక

స్ట్రీట్ విభాగంలో టైరుకు అరుగుదల సంఖ్య (ట్రెడ్‌వేర్) కనీసం 200 ఉండవలెను. అమెరికా పద్ధతిలో ప్రామాణిక టైరుకు 100 అంకె ఇస్తారు. 200 గల టైరు పరీక్షలో దానికి రెట్టింపు మన్నినట్లు అర్థము. సాధారణంగా సంఖ్య తగ్గినకొద్దీ రబ్బరు మెత్తబడి పట్టు పెరుగుతుంది, మన్నిక తగ్గుతుంది. అయితే ఈ సంఖ్యను తయారీదారే నిర్ణయిస్తాడు గనుక 200 గల రెండు టైర్ల పట్టు సమానమని భావించరాదు.

టైరుపై 185/65 ఆర్15 88 హెచ్ అని ఉన్నదనుకొందాము. 185 వెడల్పు మిల్లీమీటర్లలో. 65 ప్రక్కగోడ ఎత్తు, వెడల్పులో శాతము. 15 రిమ్ము వ్యాసము అంగుళాలలో. 88 అనగా 560 కిలోల భారము. హెచ్ అనగా గంటకు 210 కి.మీ. గరిష్ఠ వేగము. దీని మొత్తం వ్యాసము సుమారు 621 మి.మీ. 195/55 ఆర్16 టైరు వ్యాసము కూడ దాదాపు అంతే. కావున ఆ మార్పు వలన స్పీడోమీటరు తప్పు చూపదు. భార సూచిక మాత్రము అసలు టైరు కంటె తగ్గరాదు.

ప్రక్కగోడపై నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2324 అనగా 2024వ సంవత్సరము 23వ వారము. గాడులు లోతుగా ఉన్నా, పాతబడి గట్టిపడిన రబ్బరుకు పట్టు తగ్గుతుంది.

భారతీయ చట్టము

పోటీ నియమము అనుమతించినంత మాత్రాన రోడ్డుపై ఆ మార్పు చెల్లదు. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధిస్తుంది. కారు టైరు గాడుల లోతు 1.6 మి.మీ. కంటె తగ్గరాదు. అనుమతి లేకుండా ప్రజా రహదారిపై పందెము నడుపుట 189వ సెక్షను క్రింద నేరము.

సాధారణ మోటారు బీమా పాలసీలు వ్యవస్థీకృత పందేలలోను, వేగ పరీక్షలలోను జరిగిన నష్టానికి వర్తించవు. ఇంటికి ఉన్న ఒక్క కారుతో పాల్గొనేవారికి ఇది ముఖ్యమైన సంగతి.

సింగరేణి ప్రాంత పరిస్థితులు

మంచిర్యాల, రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు చేరుతుంది. టైరులోని గాలి ప్రతి 6 లేక 7 డిగ్రీల వేడికి సుమారు ఒక పౌను పెరుగుతుంది. ఉదయం 28 డిగ్రీల వద్ద పట్టిన గాలి మధ్యాహ్నానికి 2 నుండి 3 పౌనులు హెచ్చవచ్చును. అందుచేత చల్లని టైరుకు కంపెనీ చెప్పినంత గాలి నింపి, పరుగుల మధ్య కొలుచుట మంచిది. ఓపెన్‌కాస్ట్ గనుల డంపర్లకు సైతము బరువు, వేగముల లబ్ధాన్నిబట్టి టైర్లను ఎంపిక చేస్తారు. అక్కడ కూడ ప్రధాన శత్రువు వేడియే. బొగ్గు ధూళి పడిన తారుపై పట్టు తగ్గును; ఎయిర్ ఫిల్టరును తరచు శుభ్రపరచవలసి ఉండును.

ఎంపిక క్రమము

# ముందుగా పోటీ నియమావళిని, కారు తరగతిని చదువుట.
# ఆ మార్పు రోడ్డు చట్టానికి లోబడునా అని చూచుట.
# మొదటి ఖర్చు మంచి టైర్లపై, బ్రేక్ ప్యాడ్లపై పెట్టుట.
# షాక్ అబ్జార్బర్లు, యాంటీ రోల్ బార్ కొంత అనుభవము వచ్చిన తరువాతనే మార్చుట.

ఇవి కూడా చూడండి

* మోటారు క్రీడలు
* టైరు
* సింగరేణి బొగ్గుగనులు