మీకు తెలుసా? సొంత బోరుకు తనిఖీ లేదు

కుళాయి నీళ్లు పచ్చగా వస్తే మునిసిపాలిటీకి ఫోన్ చేస్తాం, కౌన్సిలర్‌ను నిలదీస్తాం, మర్నాడు పేపర్లో వార్త కూడా రావచ్చు. మరి పెరట్లో మనమే వేయించుకున్న బోరు నీళ్లలో తేడా ఉంటే? ఏటా వచ్చి ఆ నీళ్లు పరీక్షించి వెళ్లే అధికారి ఎవరూ లేరు. ఆ నీటి మంచిచెడ్డల పూచీ మొత్తం ఇంటి యజమానిదే. బోరు వేసే రోజున ఈ మాట ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి కబుర్లన్నీ సొంత బావుల గురించే.

నేల కింద ఫలానా పాయ అని గుర్తించలేని నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతోంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం ఆ హక్కుకు కొన్ని హద్దులు గీసింది. బావిని నమోదు చేయించాలి. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. ఆ చట్టం ధ్యాస ప్రధానంగా భూగర్భ జలం అడుగంటకుండా చూడడం మీదే. పైకొచ్చిన నీళ్లు ఆ ఇంటి పిల్లలు తాగడానికి పనికొస్తాయా అన్న ప్రశ్న దాని అంచుల్లోనే ఉండిపోయింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు, నైట్రేట్ 45 మించకూడదు, 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలి కూడా కనబడకూడదు. లెక్క పక్కాగానే ఉంది, కానీ ఇంటి బోరును ఆ లెక్కతో పోల్చి చూడాల్సింది మనమే.

అమెరికాలో ఇంకా గట్టిగా ఉంటుందనుకుంటాం కదా? అక్కడి 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం కనీసం 15 కనెక్షన్లున్న, లేదా ఏడాదిలో కనీసం 60 రోజులు 25 మందికి నీళ్లిచ్చే వ్యవస్థలకే వర్తిస్తుంది. సొంత బావి మీద బతికే 4 కోట్ల మందికి పైగా జనం ఆ చట్టానికి బయటే ఉన్నారు. అక్కడి భూగర్భ సర్వే సంస్థ 48 రాష్ట్రాల్లో దాదాపు 2,100 సొంత బావుల నీళ్లు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. 23 శాతం బావుల్లో ఏదో ఒక కాలుష్య కారకం ఆరోగ్య పరిమితి దాటింది.

ఆ లోటును న్యూజెర్సీ ఎలా పూడ్చిందో మన వాళ్లు తెలుసుకోవాలి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కనుక వాళ్లకైతే మరీ అవసరం. 2001లో చట్టం చేసి 2002 సెప్టెంబరు నుంచి అమల్లో పెట్టారు. సొంత బావి ఉన్న ఇల్లు చేతులు మారాలంటే ముందు నీళ్లు పరీక్షించాలి. ఫలితం అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ చూడాలి. అద్దెకిచ్చిన ఇల్లయితే యజమాని 5 ఏళ్లకోసారి పరీక్ష చేయించి, ఆ కాగితం అద్దెకున్నవాళ్ల చేతికివ్వాలి. నీళ్లు బాగా లేకపోయినా అమ్మకం ఆగదు. దాచిపెట్టడానికి మాత్రం వీల్లేదు. స్థానిక ఆరోగ్యాధికారి ఆ ఇల్లెవరిదో బయటపెట్టకుండానే చుట్టుపక్కల వాళ్లకు ‘మీ బావి కూడా చూపించుకోండి’ అని కబురు పంపవచ్చు. ఇరుగుపొరుగు బోర్ల కిందున్నది చాలాసార్లు ఒకే నీరు. ఈ ఒక్క ఏర్పాటును మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోనూ పెడితే ఎంత బాగుంటుందో! ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ అడుగుతాం. బోరు నీటి రిపోర్టు అడిగినవాళ్లు మాత్రం అరుదు.

మన దేశంలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు ఆ సంగతి వైద్య పత్రికలో ప్రకటించారు. పొదిలి, దర్శి వైపు ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతుల కంట ముందు పడిందని చెబుతారు. ఈ జబ్బు తెచ్చే ఫ్లోరైడ్ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచిలోనూ తేడా తెలియదు. గార పళ్లు కనబడేసరికే పిల్లలు ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఉంటారు. నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది.

కాచి తాగితే అన్నీ పోతాయన్నది సగమే నిజం. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఎక్కడికీ పోవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో వాటి పాలు పెరుగుతుంది. 1945లో అమెరికాలోని అయోవాకు చెందిన కోమ్లీ అనే వైద్యుడు, బావి నీళ్లతో కలిపిన డబ్బా పాలు తాగి ఒళ్లు నీలంగా మారిన ఇద్దరు పసికందుల గురించి రాశారు. ఆ నీళ్లలో నైట్రేట్ విపరీతంగా ఉంది. అది శరీరంలో నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడుతుంది. ఆర్నెల్ల లోపు బిడ్డలకు ఈ ముప్పు ఎక్కువ. మన ఊళ్లలో నైట్రేట్ వచ్చే దారులు యూరియా, పశువుల పేడ, సెప్టిక్ ట్యాంకులు. ఇంట్లో డబ్బా పాలు తాగే పసిబిడ్డ ఉంటే బోరు నీటికి నైట్రేట్ పరీక్ష ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి గొట్టపు బావులను ప్రోత్సహించారు. జనం కూడా సొంత డబ్బుతో లక్షల్లో వేయించుకున్నారు. సూక్ష్మజీవుల బెడద తగ్గింది. కానీ నేల పొరల్లో సహజంగా ఉన్న ఆర్సెనిక్ సంగతి ఎవరూ చూడలేదు. 1993లో బయటపడింది. తర్వాత ప్రభుత్వం దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, నీళ్లు మంచివైతే చేతిపంపు మూతికి ఆకుపచ్చ రంగు, కాకపోతే ఎరుపు వేసింది. సుమారు 14 లక్షల పంపులకు ఎరుపు పడింది. చదువు రాని ఇల్లాలు కూడా బిందె తీసుకుని ఏ పంపు దగ్గరికి వెళ్లాలో ఆ రంగే చెప్పింది. సొంత బావుల మీద ప్రజారోగ్య శాఖ పెట్టిన ఇంత పెద్ద నిఘా మరొకటి నాకు కనబడదు.

బోరు వేయించేటప్పుడు లోతు గురించి ఆరాటపడతాం, కేసింగ్ పైపు దగ్గర బేరమాడతాం. దాని ఖర్చు అడుగుల లెక్కన వేరే కదా! నిజానికి నీటి శుభ్రతకు కాపలా కాసేది ఆ పైపే. మెత్తటి నేలంతా దాటి గట్టి రాయిలోకి దిగాలి, నేల మట్టానికి పైకి ఉండాలి, చుట్టూ సందును సిమెంటుతో మూయాలి, పైన మూత ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం కావాలి.

నీళ్లలో మలినం కలిసిందో లేదో చూసే చిన్న సీసా పరీక్ష గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాలలో పుట్టింది. మంజా, ఆయన సహచరులు 1982లో ప్రకటించారు. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గదిలో ఉంచితే, కలుషితమైనవి నల్లగా మారతాయి. కరెంటు అక్కర్లేదు. ఫ్లోరైడ్, నైట్రేట్ దీంతో తెలియవు.

ఇంకా చేద బావి వాడేవాళ్లకు ఒక లెక్క. బావి వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయితే అందులో సుమారు 9,400 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 24 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. కలిపిన గంట దాకా తోడకూడదు. డబ్బా తెరిచి చాన్నాళ్లయిన పౌడర్‌కు పస ఉండదు.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పించాలని నిర్ణయించారు. ప్రయోగశాలలను కూడా నామమాత్రపు రుసుముతో ప్రజలకు తెరిచారు. సొంత బోరు నీళ్లు తీసుకెళ్లవచ్చు. సూక్ష్మజీవుల పరీక్షకైతే ల్యాబు వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలోనే పట్టాలి. ముందు మోటారు కాసేపు ఆడనివ్వాలి. సీసా చల్లగా ఉంచి అదే రోజు అందజేయాలి. ఏడాదికోసారి చేయిస్తే మంచిది. వానలు పడ్డాక, వరద నీరు బోరు చుట్టూ నిలిచాక, రిపేరుకు మోటారు పైకి లాగి మళ్లీ దించాక మాత్రం ఏడాది కోసం ఆగక్కర్లేదు.