ప్రోటాను, ఎలక్ట్రాను, మన బావినీరు

బోరుబావి నీటిలోని ఫ్లోరైడు కాచినంత మాత్రమున పోవునా? చందుర్తి వంటి పల్లెలలో ఇది ఊరక అడిగెడి ప్రశ్న కాదు. కలరా పుట్టించు సూక్ష్మజీవులు మరిగిన నీటిలో చచ్చును గావున ఫ్లోరైడు కూడ అట్లే నశించునని పలువురు నమ్ముచున్నారు. అది నశించదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును కూడ. ఇట్లేల జరుగునో తెలిసికొనుటకు మనము పరమాణువు లోపలికి తొంగి చూడవలసియున్నది.

పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అందు ధనావేశము గల ప్రోటానులు, ఏ ఆవేశమును లేని న్యూట్రానులు ఇమిడియుండును. కేంద్రకము చుట్టును ఋణావేశము గల ఎలక్ట్రానులుండును. ప్రోటాను బరువు ఎలక్ట్రాను బరువునకు సుమారు 1836 రెట్లు. అయినను రెంటి ఆవేశముల పరిమాణము మాత్రము సరిసమానము. కావున రెండును ఒకే సంఖ్యలో ఉన్నప్పుడు పరమాణువునకు బయటికి ఏ ఆవేశమును కానరాదు.

ఎలక్ట్రానును 1897లో జె.జె. థామ్సన్ కనుగొనెను. కేంద్రకములోని ధనావేశము ఒక మూలకము నుండి మరుసటి మూలకమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున పెరుగుచున్నదని 1913లో ఎక్స్‌కిరణముల సాయమున చూపినవాడు హెన్రీ మోస్లే. ఆ మెట్టు ఒక ప్రోటానే. ఆ సంఖ్యనే మనము పరమాణు సంఖ్య యనుచున్నాము. మోస్లే 1915లో గల్లిపోలి యుద్ధరంగమున ఇరువదియేడేండ్ల ప్రాయముననే నేలకొరిగెను. విజ్ఞానశాస్త్రమునకు యుద్ధము వలన కలిగిన నష్టములలో దీనికి సాటియైనది మాకు తోచదు.

ఉర్దూ మాధ్యమమున చదువు మిత్రులు పరమాణువును జౌహర్ అనియు, మూలకమును ఉన్సుర్ అనియు అందురు. వారికి ధనము ముస్బత్, ఋణము మన్ఫీ. పేరులేవైనను లెక్క యొక్కటే: ప్రోటానుల సంఖ్య నుండి ఎలక్ట్రానుల సంఖ్యను తీసివేయగా వచ్చునదే ఆవేశము.

ఫ్లోరిన్ పరమాణువున 9 ప్రోటానులు, 9 ఎలక్ట్రానులు. లోపలి కక్ష్యలో 2, వెలుపలి కక్ష్యలో 7. ఎనిమిదింటికి ఒకటే కొరత; కావున దొరికిన చోట ఒక ఎలక్ట్రానును లాగికొనును. ఈ వాయువు ఎంతటి ఉగ్రమైనదనగా 1886లో మొయిస్సాన్ దానిని వేరుచేయువరకు ఎందరో రసాయనజ్ఞులు ప్రయత్నించి విఫలులైరి. ఎలక్ట్రాను దొరికిన పిమ్మట 9 ప్రోటానులకు 10 ఎలక్ట్రానులగును. అదియే ఒక ఋణావేశము గల ఫ్లోరైడు అయాను. ఉగ్రత శాంతించి, నీటిలో కరగి నిలకడగా ఉండును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. దీపపు గొట్టములలో వాడు నియాన్ వాయువునకు కూడ 10 ఎలక్ట్రానులే కదా, అట్లయిన ఫ్లోరైడు నియాన్‌గా మారినట్లేనా? కాదు. నియాన్‌కు ప్రోటానులు 10. మనము తిను ఉప్పులోని సోడియం అయానుకును 10 ఎలక్ట్రానులే, కాని ప్రోటానులు 11. పటికలోని అల్యూమినియం అయానుకును 10 ఎలక్ట్రానులే. ప్రోటానులు 13, కావున దాని ఆవేశము ధన 3. ఎలక్ట్రానులు వచ్చిపోవును, వానితో ఆవేశమును గుణమును మారును. ఏ మూలకమన్నది మాత్రము ప్రోటానుల సంఖ్య చేతనే నిర్ణయమగును. పొయ్యిమంట కేంద్రకమును కదలింపజాలదు. ఫ్లోరైడు కాగి నశింపకుండుటకు ఇదియే కారణము.

తెలంగాణమున నేల క్రింద ఎక్కువ భాగము ప్రాచీనమైన గ్రానైట్ శిల. అందలి ఖనిజముల నుండి ఫ్లోరైడు లోతు నీటిలోనికి దిగును. ఎముకలోను పంటిలోను గల కాల్షియం ఖనిజమున ఒక ఋణావేశము గల హైడ్రాక్సైడు అయానులుండును. ఫ్లోరైడుకును ఆవేశము అంతే, పరిమాణమును దాదాపు అంతే. కావున దాని స్థానమున ఇది చేరికొనును. కొద్దిపాటియైన పంటికి మేలే. హెచ్చిన పండ్లు మచ్చలు పడును, ఏండ్ల తరబడి త్రాగిన వెన్నును కీళ్లును బిగిసికొనును. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెలలోని ఈ వ్యాధిని గూర్చి వైద్యులు ప్రకటించియుండిరి. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో వంగిన నడుములు, వంకర కాళ్లు లోకమెరిగినవే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది; భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రామే మేలని, వేరు నీరు లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతించుచున్నది.

నశింపజేయలేని దానిని తొలగింపవలెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ ఇట్టిదే. నీటిలో పటికయు సున్నమును కలిపిన, అల్యూమినియం జిగురు వంటి తెట్టెగా ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైతేట నీటిని వేరుచేసి వాడుకొందురు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ మరియొక మార్గము చూపినది: శిలల నడుమ నిలిచిన నీటికి మారుగా కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి ఇంటింటికి చేర్చుట.

పటికతో దిగిన మడ్డి విషయమున ఒక మాట. అందు చిక్కిన ప్రతి ఫ్లోరైడు అయానులోను ఆ 9 ప్రోటానులు అట్లే ఉండును. ఆ మడ్డిని బావి గట్టున పారబోసిన వానకు కరగి మరల నీటిలోనికి దిగవచ్చును. ఇండ్లలోని శుద్ధియంత్రములు వెలుపలికి వదలు నీటిలోను ఫ్లోరైడు హెచ్చుగనే యుండును. వానిని త్రాగునీటి బావికి దూరముగా పారవేయవలెను. పశువుల తొట్టిలో పోయరాదు.