తలలో చిప్ పెట్టుకుని చెస్ ఆడితే చీటింగేనా?

మొన్న మా తమ్ముడు అడిగాడు: "అన్నా, న్యూరాలింక్ చిప్ ఉన్నోడితో మామూలు మనిషి చెస్ ఆడితే ఫెయిర్ గేమేనా?" వాడు నన్నే ఎందుకు అడిగాడో చివర్లో చెప్తా.

ముందు ఆ చిప్ ఏం చేస్తుందో చూద్దాం. నోలాండ్ ఆర్బో అనే అమెరికన్‌కి 2016లో నీళ్లలోకి దూకినప్పుడు యాక్సిడెంట్ అయి, భుజాల కింద నుంచి కదలిక పోయింది. 2024 జనవరిలో చిప్ పెట్టారు, మార్చిలో లైవ్‌లో చెస్ ఆడి చూపించాడు. అందులో 64 సన్నటి దారాలు, వాటి మీద 1024 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. చెయ్యి కదపాలి అనుకున్నప్పుడు మెదడులో పుట్టే సిగ్నల్స్‌ని పట్టుకుని వైర్‌లెస్‌గా కంప్యూటర్‌కి పంపుతాయి, సాఫ్ట్‌వేర్ వాటిని కర్సర్ కదలికగా మారుస్తుంది. అంతే. గుర్రాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనే ఆలోచించుకోవాలి. అది మౌస్ బాబూ, బ్రెయిన్ కాదు! పావులు కదపలేని ఆటగాడు ఆర్బిటర్ ఒప్పుకుంటే అసిస్టెంట్‌ని పెట్టుకోవచ్చని ఫిడే రూల్స్‌లోనే ఉంది. ఇదీ అలాంటిదే.

తేడా ఎక్కడొస్తుందంటే, చిప్ మనకి మూవ్ చెప్పడం మొదలుపెడితే. అది ఎలా ఉంటుందో చిప్ లేకుండానే ట్రై చేశారు. 1998లో స్పెయిన్‌లోని లియోన్‌లో కాస్పరోవ్, టోపలోవ్ ఇద్దరూ పక్కన కంప్యూటర్ పెట్టుకుని ఆడారు. అంతకు నెల ముందే మామూలు ర్యాపిడ్‌లో టోపలోవ్‌ని 4-0తో కొట్టిన కాస్పరోవ్‌కి ఇక్కడ 3-3 డ్రా! లెక్కలేయడంలో ఆయనకున్న పైచేయి మెషీన్ మింగేసింది. 2005లో ఆన్‌లైన్ ఫ్రీస్టైల్ టోర్నమెంట్‌లో గ్రాండ్‌మాస్టర్లు కూడా కంప్యూటర్లతో దిగారు. గెలిచింది మాత్రం మూడు కంప్యూటర్లు పెట్టుకున్న ఇద్దరు అమెరికన్ అమెచ్యూర్లు. నాకైతే అదీ ఆటే, కాకపోతే వేరే ఆట. అందరికీ ముందే తెలుసు, అందరికీ ఛాన్స్ ఉంది.

ఒక్కడి దగ్గరే ఉండి, ఎదుటివాడికి తెలియకపోతేనే చీటింగ్. ఇప్పటికైతే చిప్‌కి కనెక్టైన కంప్యూటర్ బయటే ఉంటుంది, ఆర్బిటర్ చెక్ చేయొచ్చు. ఇంజిన్ కూడా తల లోపలికే వెళ్తే? ఫోన్ బయట పెట్టి రమ్మన్నట్టు తల పెట్టి రమ్మనలేం కదా.

ఇక నా సంగతి. లాక్‌డౌన్‌లో తమ్ముడితో ఆన్‌లైన్‌లో ఆడుతూ, ల్యాప్‌టాప్‌లో స్టాక్‌ఫిష్ పెట్టుకుని వరసగా పదకొండు గేములు గెలిచా. నాకదంతా జోక్. వాడేమో తనకి బుర్ర లేదనుకుని చెస్సే మానేశాడు. రెండేళ్ల తర్వాత నిజం చెప్తే, వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నాడు. నాతో ఆడాలంటే మాత్రం, ఫోన్ అమ్మ చేతికిచ్చి రమ్మంటాడు.