ఖాళీ చేయమంటోంది క్లౌడ్!

సోమవారం ఉదయం. ఆఫీసుకొచ్చి కంప్యూటర్ ఆన్ చేయగానే ఓ మెయిల్. 'ఇన్నాళ్లూ మా సర్వీసు వాడినందుకు ధన్యవాదాలు. ఫలానా తేదీ నుంచి దీన్ని నిలిపేస్తున్నాం'... ఎంత మర్యాదగా రాసినా చదివినవాళ్లకు గుండె గుభేలుమంటుంది. బిల్లులు, కస్టమర్ల వివరాలు, ఐదేళ్ల లెక్కలు... అన్నీ అందులోనే ఉన్నాయి మరి!

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే సీడీ కొనుక్కుని కంప్యూటర్లో వేసుకునేదే. తయారుచేసిన కంపెనీ మూతపడినా అది పనిచేసేది. క్లౌడ్ వచ్చాక సర్వర్లు కొనే ఖర్చు, వాటిని కాపాడుకునే బాదరబందీ తప్పాయి. నెలనెలా డబ్బు కడితే చాలు. ఒక్కమాటలో చెప్పాలంటే సొంతింటి నుంచి అద్దె ఇంటికి మారాం. అద్దె ఇల్లన్నాక ఓనరు ఏదో ఒకరోజు ఖాళీ చేయమనొచ్చు!

పేరున్నవీ పోయాయి

అమెరికాలోని పిల్లల్ని తెలుగు లోగిళ్లకు చూపించిన స్కైప్ గుర్తుందా? ఆఫీసుల్లో మీటింగులకూ ఇంటర్వ్యూలకూ అదే దిక్కుగా ఉండేది. 2003లో మొదలైన ఆ సర్వీసును 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొంది. 2025 ఫిబ్రవరి 28న మూసేస్తున్నట్లు చెప్పి, మే 5న మూసేసింది. రెండు నెలలు దాటి ఓ వారం... అంతే గడువు. అప్పట్లో అదే ఐడీతో టీమ్స్‌లోకి వెళితే పాత కాంటాక్టులూ చాటింగులూ వచ్చేయడం కాస్త ఊరటనిచ్చింది.

గూగుల్ జామ్‌బోర్డ్‌ది ఇంకో కథ. 2017లో అమెరికాలో 4,999 డాలర్లకు అమ్మిన 55 అంగుళాల డిజిటల్ బోర్డు అది. సర్వీసు ఆపేస్తామని 2023 సెప్టెంబరులో చెప్పి, 2024 డిసెంబరు 31 వరకూ సమయమిచ్చారు. బోర్డు మీది రాతల్ని పీడీఎఫ్‌గా దాచుకునే వీలూ ఉండేది. కానీ పీడీఎఫ్‌లో ఓ చీటీని ఇటునుంచి అటు జరపలేం. ఫొటోలోని లడ్డూలా చూడ్డానికే తప్ప పనికి రాదు.

అసలు షాక్ 2013లో తగిలింది. డేటా దాచిపెట్టే అమెరికా సంస్థ నిర్వానిక్స్ సెప్టెంబరులో ఉన్నట్టుండి 'రెండు వారాల్లో మీ డేటా తీసుకెళ్లండి' అంది. తర్వాత గడువును అక్టోబరు 15 వరకూ పొడిగించినా, అక్టోబరు 1నే దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు చాలవా అంటారేమో! 100 టెరాబైట్ల డేటాను సెకనుకు 1 గిగాబిట్ వేగంతో, ఒక్క క్షణం ఆపకుండా దించుకున్నా తొమ్మిది రోజులు దాటుతుంది. వేగం సగానికి పడితే గడువు దాటినట్టే.

ఫైళ్లు సరే... మిగతావి?

ఓ చిన్న కంపెనీ అకౌంటెంటు పాత సర్వీసులోని లెక్కలన్నీ ఎక్సెల్ షీట్లలోకి దించుకున్నారనుకుందాం. అంకెలు వచ్చేస్తాయి. ప్రతి ఖర్చుకూ జతచేసిన బిల్లు ఫొటో? దాన్ని ఎవరు, ఎప్పుడు ఓకే చేశారన్న వివరం? చాలాసార్లు జారిపోయేవి ఇవే. ఆర్నెల్ల తర్వాత ఆడిటర్ అడిగినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. మన కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. సర్వీసు ఆగిపోయిందని చట్టం ఊరుకోదు.

అందుకే మెయిల్ రాగానే కంగారుగా కొత్త సర్వీసు కొనేయకూడదు. ముందు జాబితా రాసుకోవాలి. ఆ సర్వీసును ఎవరెవరు వాడుతున్నారు, ఇంకే సాఫ్ట్‌వేర్లు దాంతో ముడిపడి ఉన్నాయి, ఉద్యోగం మానేసినవాళ్ల పేరుమీద ఏమైనా ఉండిపోయాయా... అన్నీ చూడాలి. తర్వాత కొద్దిపాటి డేటా దించి, తెరిచి, పాతదాంతో పోల్చుకోవాలి. ఒక నెలాఖరు లెక్కలైనా పాత, కొత్త సర్వీసుల్లో పక్కపక్కనే చేసి, రెండూ సరిపోయాకే పాతదానికి సెలవు చెప్పాలి. సిబ్బందికి కొత్తది చేతికి అలవాటు కావడానికీ ఆ నెల అక్కరకొస్తుంది.

ప్రభుత్వాలూ దీనిపై దృష్టి పెడుతున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2025 సెప్టెంబరు 12 నుంచి అమలైన డేటా చట్టం ప్రకారం, కస్టమరు వేరే క్లౌడ్‌కు మారతానంటే కంపెనీలు అడ్డంకులు పెట్టకూడదు. 2027 జనవరి 12 నుంచి అలా మారినందుకు రుసుమూ వసూలు చేయకూడదు.

అయితే, చట్టం కన్నా ముందు కాపాడేది మన జాగ్రత్తే. అద్దె ఇంట్లో దిగేముందు కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో చూస్తాం కదా. క్లౌడ్‌లో చేరేరోజే డౌన్‌లోడ్ బటన్ కూడా ఓసారి నొక్కి చూసుకుంటే... ఖాళీ చేయమన్న రోజున సామాను కోసం వెతుక్కునే పనుండదు!