చలిలో సైనిక నర్సులు

ధనుర్మాసపు తెల్లవాఱుజామున కీసరలో మునేటి గట్టున నీళ్లు ముంచుకొనునప్పుడు వ్రేళ్లు కొంకర్లు పోవుట సోదరీమణులెఱుగుదురు. ఇల్లు చేరినచో పొయ్యి యుండును. మంచు కురియు యుద్ధభూమిలో గుడారపుటాసుపత్రిని నడపు నర్సునకు ఆ యూఱట యెక్కడిది? వేడినీళ్లు, కంబళ్లు ముందు క్షతగాత్రులకు, మిగిలినచో నామెకు.

1854 నవంబరులో ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది నర్సులతో స్కుటారి చేరెను. ఆ శీతకాలమున సైనికులు గాయములకంటె రోగములచేతనే యెక్కువగా మరణించిరి. మన సైనికాసుపత్రులకు 1888లో పదిమంది నర్సులు బొంబాయిలో దిగిరి. 1926లో భారత సైనిక నర్సుల శాఖ యేర్పడెను. 1943లో వారికి ఆఫీసరు హోదా లభించెను.

వారి మెలకువ యొకటి గృహిణులకును పనికివచ్చును. చలికి గడ్డకట్టిన కాలిని మంచుతో రుద్దవలెనని పూర్వులు నమ్మిరి. అది తప్పు, రుద్దినచో చర్మము చెడును. స్పర్శ తెలియదు గావున నిప్పునొద్ద కాలినను రోగి యెఱుగడు. 37 మొదలు 39 డిగ్రీల వెచ్చని నీటిలో నుంచవలెను. మరల గడ్డకట్టు భయమున్నచోట కరగింపనే రాదు.

ఇట్టివారికి దక్కిన మర్యాద యెట్టిది? పెండ్లాడిన నర్సును కొలువునుండి తొలగింపవచ్చునని 1977లో నొక నిబంధన వెలసెను. పెండ్లితో చేతి నేర్పు పోవునా యని మేమడుగుచున్నాము. సికింద్రాబాదు సైనికాసుపత్రిలో లెఫ్టినెంటుగా నుండిన యొకామెను 1988లో నట్లే పంపివేసిరి. ఆమె భర్తయు సైనికాఫీసరే. ఆయన కొలువునకు పెండ్లి యడ్డు రాలేదు! నిబంధన 1995లో రద్దయ్యెను. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని తీర్పుచెప్పి, 60 లక్షల రూపాయలు ఎనిమిది వారములలో నామెకు చెల్లింపుమనెను. అప్పటికి 35 ఏండ్లు గడచినవి.